నాలుగు సెకన్ల మఫ్లర్లు

మా ఇసోకో అత్త తన జీవితంలో లక్షకు పైగా టీవీ బొమ్మల రేకులకు రంగులు వేసింది. జనం గుర్తుపెట్టుకున్నది వాటిలో పద్నాలుగింటిని. గుర్తుపెట్టుకున్నారనడం కూడా మర్యాదకే. ఆ పద్నాలుగింటిని చూసి ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు.

ఆమె మా నాన్నకు అక్క. ఇంటిపేరు మకబే. నేను సాహిత్యం చదువుకోవడానికి టోక్యో వచ్చినప్పటి నుంచి, హిగాషి కురుమెలో వాళ్ళింటి మేడ గదిలోనే ఉంటున్నాను. అత్తతో ఒకే కప్పు కింద ఉండాలంటే ఓపిక కావాలి. కూరగాయల కొట్టువాడు ముల్లంగి ఆకులు కోసేసి ఇస్తే, వెనక్కి వెళ్ళి ఆకులు అడిగి మరీ తెచ్చుకుంటుంది. పక్కింటివాళ్ళు రోజు తప్పి చెత్త సంచి బయట పెడితే, దాన్ని తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మంలోనే పెట్టి వస్తుంది. ఎవరి పొరపాటునైనా ఆమె పోనిమ్మని వదిలేసిందని నేనెప్పుడూ వినలేదు. చెయ్యని పొరపాటుకు తనను ఎవరూ వదిలిపెట్టలేదు కదా అంటుంది.

ఆ పొరపాటు అర్థం కావాలంటే ఆ పని ఎలా ఉండేదో చెప్పాలి. డెబ్భైలలో మా వీధుల్లో చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు టీవీ బొమ్మల కథలకు రంగులు వేసేవారు. పలచటి పారదర్శకపు రేకు మీద, ముందువైపు బొమ్మ గీతలుంటాయి. రంగు వెనకవైపు వెయ్యాలి. ముందు నుంచి చూసేవాళ్ళకు కుంచె జాడ కనపడకూడదు. అంటే రేకును బోర్లించుకుని వేస్తారు. బోర్లిస్తే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. అందుకని ఆ పనిలో అందరూ పాటించే కట్టుబాటు ఒకటుండేది. రంగుల కాగితంలో ఏది రాసినా ముందు నుంచి చూసినట్టే రాస్తారు, తిప్పుకోవడం రంగు వేసే మనిషి పని. కొత్తవాళ్ళు మొదటి వారంలో ఒకటి రెండుసార్లు తడబడతారు. తరవాత ఆ తిప్పుకోవడం చేతికే వచ్చేస్తుంది, తలతో పని ఉండదు. మన కథ జరిగేనాటికి అత్త పదకొండేళ్ళుగా వేస్తోంది.

1978లో 'దీపపు కొండ కవలలు' అనే కథ ముప్ఫై తొమ్మిది వారాలు వచ్చింది. అందులో అన్నదమ్ములిద్దరూ అచ్చు గుద్దినట్టుంటారు. పెద్దవాడి మెడలో నీలం మఫ్లరు, చిన్నవాడి మెడలో ఆకుపచ్చ మఫ్లరు. వాళ్ళను గుర్తుపట్టడానికి అదొక్కటే ఆధారం. ముప్ఫై ఒకటో భాగంలో పెద్దవాడు తుఫానులో పడవెక్కి వెళ్ళి తిరిగి రాడు. ఎక్కేముందు ఇద్దరూ రేవు మీద పక్కపక్కన నిలబడి సముద్రం చూస్తారు. నాలుగు సెకన్లు, పద్నాలుగు రేకులు. ఆ నాలుగు సెకన్లూ మఫ్లర్లు తారుమారుగా ఉంటాయి. చావబోయేవాడు బతకబోయేవాడవుతాడు, వెంటనే మళ్ళీ మామూలైపోతాడు.

టీవీలో వచ్చిన సాయంత్రం ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలు అన్నం తింటూ చూశారు, ఏడ్చారు, పడుకున్నారు. ఇళ్ళలోకి వీడియో రాకుండా ఉంటే ఆ తప్పు ఆ పూటతోనే చచ్చిపోయేది. కానీ ఎనిమిదేళ్ళ తరవాత క్యాసెట్లు అద్దెకు రావడం మొదలైంది. బొమ్మను కదలకుండా నిలబెట్టే బొత్తాం వచ్చింది. నిలబెట్టి చూసి, తప్పులు ఏరి, పత్రికలకు రాసి పంపే కుర్రకారు తయారైంది. ఒక పత్రిక ఆ షాటును పేజీ నిండుగా వేసి 'వీళ్ళలో ఎవరు ఎవరు?' అని శీర్షిక పెట్టింది. తొంభైలలో పెద్ద పళ్ళాలంత లేజర్ డిస్కులు వచ్చేసరికి బొమ్మ మరింత స్పష్టమైంది, తప్పూ మరింత స్పష్టమైంది.

అయినా అప్పటిదాకా అది ఎవరి తప్పో ఎవరికీ తెలియదు. ఆ ఊసెత్తినవాడు కొగురే.

ఈ కొగురే ఇప్పుడు పేరున్న దర్శకుడు. ఆ రోజుల్లో ఇరవై మూడేళ్ళవాడు, స్టూడియో వ్యానులో రేకుల కవర్లు పెట్టుకుని ఇంటింటికీ తిరుగుతూ ఇచ్చి, ఆరినవి తీసుకెళ్ళే పని చేసేవాడు. అత్త ఇంటికి వారానికి మూడుసార్లు వచ్చేవాడు. గుమ్మంలో కూర్చుని బార్లీ టీ తాగేవాడు, వంకాయ ఊరగాయ అడిగి తినేవాడు, అక్కా అని పిలిచేవాడు. అసలు దర్శకుడు పోయాక, 2004లో డీవీడీలు వేసేటప్పుడు, బొమ్మ నడుస్తుంటే వెనక నుంచి వినిపించే వ్యాఖ్యానానికి కంపెనీ కొగురేను పిలిచింది. ముప్ఫై ఒకటో భాగంలో ఆ షాటు రాగానే అతను నవ్వుతూ ఇలా అన్నాడు:

"ఇది శివారులో ఒక పిన్నిగారు వేసింది. ఆ ఇల్లు నాకు బాగా గుర్తు. వీపున పసిపాప, పొయ్యి మీద చేప. ఒక చేత్తో చేప కాలుస్తూ ఇంకో చేత్తో రంగు వేసేది. పాపం, చేపను తిప్పడం గుర్తుంది, రేకును తిప్పడం మరిచిపోయింది."

అప్పటినుంచి ఆ షాటుకు 'బోర్లా పిన్ని' అని పేరు పడిపోయింది. ఇంటర్నెట్‌లో ఆ పేరు కొడితే వందల పేజీలు వస్తాయి. బోర్లా పిన్ని బొమ్మతో చొక్కాలు కూడా అమ్మారు. వీపున పాప, చేతిలో చేప, రెండు కళ్ళూ రెండు దిక్కులకు.

అత్తకు పిల్లలు లేరు.

రంగు గదిలో చేప కాల్చడమన్నది ఆ పని తెలిసినవాళ్ళెవరూ అనని మాట. నూనె ఆవిరి తగిలితే రేకు మసకబారుతుంది. పని ఉన్న రోజుల్లో ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. మా మామయ్య కన్జీ పదేళ్ళు చల్లటి అన్నంలో టీ పోసుకుని తిన్నాడు. ఆ కసి ఆయనకింకా ఉంది. డీవీడీ విన్న రోజు ఆయన, చేపైనా నిజమైతే బాగుండేది, నాకొక ముక్క దొరికేది అన్నాడట. అత్త ఆయనతో పన్నెండు రోజులు మాట్లాడలేదు.

ఆ రోజు జరిగింది అత్త నాకు నూరుసార్లు చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా ఒక్క మాట మారలేదు. ఆ వారం పని వెనకబడింది. ఆ షాటుకు రంగుల కాగితమే రాలేదు. కాగితం బదులు కవరు మీద పెన్సిలుతో 'కుడి ఆకుపచ్చ, ఎడమ నీలం' అని రాసి ఉంది. రాత కొగురేది. బొమ్మలో ఇద్దరూ టోపీలు కిందికి లాక్కుని ఒకేలా నిలబడి ఉన్నారు. ఎవరు ఎవరో ముఖం చూసి చెప్పలేం. రాసినది ముందువైపు లెక్కే అనుకుని, ఎప్పటిలాగే తిప్పుకుని వేసింది. కానీ కొగురే రేకును బోర్లించి చూస్తూ రాశాడు. అక్కలకు తిప్పుకునే శ్రమ తగ్గించాననుకున్నాడు. అతను ఒకసారి తిప్పాడు, ఆమె ఇంకోసారి తిప్పింది.

ఆ కవరు ఎప్పుడో చెత్తలో పోయింది. పెన్సిలు రాత చూసినవాళ్ళు ఇద్దరే. ఒకరికి అది గుర్తుండక్కర్లేదు. అత్త డీవీడీ కంపెనీకి రెండు ఉత్తరాలు రాసింది. 'మా ఉత్పత్తులపై మీ విలువైన అభిప్రాయానికి కృతజ్ఞతలు' అని అచ్చు వేసిన కార్డు ఒకటి వచ్చింది. దాన్ని ఆమె టీ డబ్బా కింద పెట్టుకుంది. తీసెయ్యమంటే ఒప్పుకోదు.

పోయిన వసంతంలో సెగావా అనే యువకుడు ఇంటికొచ్చాడు. ఆ కథను బ్లూరే డిస్కుల పెట్టెగా మళ్ళీ తెస్తున్న కంపెనీ మనిషి. మోకాళ్ళ మీద కూర్చుని, తెచ్చిన బియ్యప్పిండి బిస్కట్ల డబ్బా ముందుకు తోసి, చాలా వినయంగా వచ్చిన పని చెప్పాడు. ఈసారి పెట్టెతో పాటు ఒక కానుక ఇస్తున్నారు. నిజమైన రేకు, మూడు చిన్న రంగు సీసాలు, కొన్నవాళ్ళు తామే వేసుకోవచ్చు. నమూనాగా ఒకటి వేసి పెట్టడానికి పాతకాలపు చెయ్యి కావాలి. ఇళ్ళలో రంగులు వేయించి, తరవాత మూతపడిన ఒక దుకాణం చిరునామాల పుస్తకంలో అత్త పేరు దొరికింది. బోర్లా పిన్ని ఎవరో అతనికి తెలియదు. కొగురే ఎప్పుడూ పేరు చెప్పలేదు.

అతనే ఇంకో సంగతి కూడా సంబరంగా చెప్పాడు. ముప్ఫై ఒకటో భాగంలో ఆ ప్రసిద్ధమైన పొరపాటును కొగురే గారి కోరిక మీద కంప్యూటర్లో సరిచేస్తున్నారట. ముందూ తరవాతా పక్కపక్కన పెట్టి చూపిస్తూ, కొగురే గారి సరదా కబుర్లతో ఒక చిన్న భాగం కూడా చేరుస్తారట. ముప్ఫై ఒకటో భాగానికి ఆయన మళ్ళీ వ్యాఖ్యానం కూడా చెబుతారట. జనం పడీపడీ నవ్వుతారట.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "బాబూ, ఆ పిన్ని..."

"మీరు మొక్కలకి నీళ్ళు పోశారా?" అంది అత్త.

మామయ్య లేచి బయటికి వెళ్ళిపోయాడు.

సెగావా కవరులోంచి రేకు తీశాడు. కవలలిద్దరూ పక్కపక్కన నిలబడిన బొమ్మ. దానితో ఒక కాగితం. కొగురే గారు స్వయంగా రాసిచ్చారు, అచ్చు కూడా ఆయన చేతిరాతలోనే వేస్తాం అన్నాడు. కాగితం మీద బొమ్మ లేదు. రెండు వరుసలే ఉన్నాయి. 'కుడివైపు మఫ్లరు ఆకుపచ్చ. ఎడమవైపు మఫ్లరు నీలం.'

అత్త ఆ కాగితాన్ని ఎంతసేపు చూసిందంటే, సెగావా తానేదో తప్పు చేశాననుకుని నా వంక చూశాడు. నేను టీ గిన్నెల వంక చూశాను.

"ఈ బొమ్మలో కుడివైపు నిలబడ్డవాడు ఎవరు?" అని అడిగింది అత్త.

పెద్దవాడండీ అన్నాడు అతను. పెట్టె అట్ట మీద ఇదే బొమ్మ ఉందనీ, కుడివైపున నీలం మఫ్లరుతో పెద్దవాడనీ చెప్పాడు.

"మరి కాగితంలో కుడివైపు ఆకుపచ్చ అని ఉంది."

అతను కాగితం తీసుకుని చూశాడు. రేకు చూశాడు. రేకు తిప్పి చూశాడు. "ఓహో. వెనకవైపు నుంచి రాసుంటారు, వేసేవాళ్ళకి సులువుగా ఉంటుందని."

"రాసుంటాడు," అంది అత్త. ఆ కాగితానికి నకళ్ళు, ఇంకో మూడు రేకులు ఇచ్చి వెళ్ళమంది. నమూనా మాత్రం కొగురే చేతికే ఇస్తానంది, అతను వ్యాఖ్యానం చెప్పే రోజున. సెగావా ముఖం వెలిగిపోయింది. పాతకాలపు రంగుల కళాకారిణి పక్కన కూర్చుని నాలుగు మాటలు చెబితే ఇంకా బాగుంటుంది, ఆయనకు ముందుగా చెప్పను, ఆశ్చర్యపోతారు అన్నాడు.

"ఆశ్చర్యపోతాడు," అంది అత్త. బిస్కట్ల డబ్బా వెనక్కి తోసేసింది.

మర్నాటినుంచి నాకు తిరుగుడు పట్టింది. అప్పట్లో రంగులు వేసిన ఆడవాళ్ళలో బతికున్నవాళ్ళు, చెయ్యి పనిచేసేవాళ్ళు ముగ్గురు తేలారు. అత్తకు వాళ్ళలో ఇద్దరితో పదేళ్ళుగా మాటల్లేవు. ఒకామె అప్పట్లో ఎరువు తీసుకున్న కుంచె తిరిగివ్వలేదు. ఇంకొకామె బోర్లా పిన్ని చొక్కా మనవడికి కొనిపెట్టింది. అందుకని నన్ను పంపింది. రేకు, సీసాలు, కాగితం ఇచ్చి, కాగితం ప్రకారం వెయ్యమని చెప్పి నోరు మూసుకుని కూర్చోమంది. ఎందుకని అడిగితే తెలియదని చెప్పాలి. పెట్టె అట్ట మీది బొమ్మ సంగతి ఎవరికీ చెప్పకూడదు.

తొకొరొజావాలో ఉండే ఆమె అద్దాల కోసం పావుగంట వెతుక్కుంది, వెయ్యడానికి పావుగంట కూడా పట్టలేదు. చొక్కా కొన్నామె కాగితం చూసి, బొమ్మ గియ్యకుండా వట్టి మాటలు రాసిన ఈ బద్ధకస్తుడెవరని అడిగింది. మూడో ఆమె వృద్ధాశ్రమంలో ఉంది. నా పేరు మూడుసార్లు చెప్పినా మళ్ళీ అడిగింది. కానీ రేకు చేతిలో పెట్టగానే, నేనింకా ఏమీ చెప్పకముందే, దాన్ని బోర్లించి బల్ల మీద పెట్టుకుంది.

మూడు రేకులూ ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర వరుసగా నిలబెట్టాను. మూడింట్లోనూ కుడివైపు మఫ్లరు ఆకుపచ్చ. అత్త తన రేకును అప్పటికే వేసి ఆరబెట్టింది. అదీ అంతే. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ఆ నాలుగింటినీ చూస్తూ, "మూడో దానిలో అంచు దాటింది, ముసలిదైపోయింది," అంది.

వ్యాఖ్యానం చెప్పే రోజు వానగా ఉంది. షింజుకు దగ్గర ఒక భవనంలో నాలుగో అంతస్తు. చిన్న గది, బల్ల, రెండు మైకులు, ఎదురుగా తెర. అద్దం అవతల యంత్రాల దగ్గర ఒకాయన కూర్చున్నాడు. నన్నూ సెగావానూ గోడ పక్కన కూర్చోబెట్టారు. బొమ్మ మొదలైతే ఇరవై నాలుగు నిమిషాలు ఆపకుండా నడుస్తుందనీ, దగ్గొచ్చినా ఆపరనీ సెగావా చెప్పాడు.

కొగురే వచ్చాడు. అరవై ఏళ్ళు దాటాయి, ఖరీదైన కళ్ళద్దాలు, మెడలో సిల్కు గుడ్డ. అత్తను చూసి ఒక్క క్షణం ఆగాడు. తరవాత రెండు చేతులూ చాచాడు. మకబే అక్కా, మీరింకా ఉన్నారా అన్నాడు. మీ వంకాయ ఊరగాయ రుచి ఇప్పటికీ మరిచిపోలేదన్నాడు. సెగావా వైపు తిరిగి, ఎవరిని పట్టుకొచ్చావో నీకు తెలుసా, అసలు బోర్లా పిన్ని ఈవిడే అన్నాడు. సెగావా ముఖం పాలిపోయింది. అత్త వంగి నమస్కరించింది, ఎంత వంగాలో అంతే. ఒళ్ళో ఉన్న మూట విప్పలేదు.

బొమ్మ మొదలైంది. కొగురే బాగా మాట్లాడతాడు, కాదనను. ఆ రోజుల్లో వ్యానుకు హీటరు లేకపోవడం, దర్శకుడు చెప్పులు విసరడం, అన్నీ నవ్వొచ్చేలా చెప్పాడు. అత్తను రెండుసార్లు పలకరించాడు. ఆమె అవునంది ఒకసారి, కాదంది ఒకసారి. పదిహేడో నిమిషంలో తుఫాను మొదలైంది.

"ఇదిగో, వచ్చేస్తోంది," అన్నాడు కొగురే హుషారుగా. "ఈరోజు ఆ పిన్నిగారే మన పక్కన కూర్చున్నారు. అక్కా, నిజం చెప్పండి, ఆ రోజు ఆ చేప మాడిపోయిందా?"

రేవు మీద ఇద్దరు పిల్లలు కనిపించారు.

"రంగు వేసే గదిలో చేప కాల్చరు," అంది అత్త. గొంతు పెంచలేదు. "నాకు పిల్లల్లేరు. ఈ పద్నాలుగు రేకులూ వేసింది నేను, మకబే ఇసోకోను. కాగితం రాలేదు. కవరు మీద కుడి ఆకుపచ్చ, ఎడమ నీలం అని పెన్సిలుతో రాసింది మీరు. రాసినట్టే వేశాను."

తెర మీద పడవ కదిలిపోతోంది. కొగురే నవ్వాడు. అక్కకు ఇన్నేళ్ళకి కూడా కోపం తగ్గలేదని మైకుతో చెప్పాడు. అప్పటి సంగతి ఎవరికి గుర్తుంటుంది, ఎవరి తప్పయితే ఏముంది, అందరం ఒక కుటుంబంలా పనిచేశాం అన్నాడు.

అత్త మూట విప్పి నాలుగు రేకులూ బల్ల మీద పరిచింది. పక్కన అతని కాగితం పెట్టింది.

"ఇది పోయిన నెల నువ్వు రాసింది. చదువు."

ఆమె అతన్ని 'నువ్వు' అనడం అద్దం అవతలి మనిషి కూడా విన్నట్టున్నాడు, తలెత్తి చూశాడు.

కొగురే చదవలేదు. చూశాడు. రేకులు ఒక్కొక్కటీ చూశాడు. "మీరంతా కూడబలుక్కుని వేశారు."

"ఇద్దరితో నాకు పదేళ్ళుగా మాటల్లేవు. మూడోదానికి నిన్న ఏం తిన్నదో గుర్తుండదు. ఫోను నంబర్లు ఇస్తాను, నువ్వే అడుగు. కుడివైపు ఆకుపచ్చ అని రాసిస్తే పని తెలిసినవాళ్ళెవరైనా ఇలాగే వేస్తారు."

తెర మీద గాలివాన హోరెత్తుతోంది. చిన్నవాడు రేవు మీద నిలబడి అన్నను పిలుస్తున్నాడు. కొగురే కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీకు సులువవుతుందని వెనక నుంచి రాశాను," అన్నాడు చివరికి.

"మేం అడిగామా?"

"లేదు."

"అప్పుడూ ఇంతేనా?"

అతను సెగావా వైపు చూశాడు. సెగావా చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"అప్పుడూ ఇంతే," అన్నాడు కొగురే.

బొమ్మ ఆగకుండా నడిచింది. చివరి పాట వచ్చింది, పేర్లు పైకి పాకాయి. వాటిలో కొగురే పేరుంది. రంగుల దగ్గర ఒక దుకాణం పేరు మాత్రమే ఉంది.

రికార్డింగు దీపం ఆరగానే కొగురే లేచి నిలబడ్డాడు. ఇదంతా తీసేసి రేపు మళ్ళీ రికార్డు చేద్దాం అన్నాడు. ఎలాగూ షాటు సరిచేస్తున్నారు, తెర మీద మఫ్లర్లు సరిగ్గా ఉండగా వెనక ఈ గొడవ వినిపిస్తే చూసేవాళ్ళకు ఏమర్థమవుతుంది అన్నాడు. ఆ మాట నిజమే. సెగావాకూ అది నిజమని తెలుసు. అతను అత్త దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కార్పెట్టు మీద అలా కూర్చోనక్కర్లేదు, అలవాటుకొద్దీ కూర్చున్నాడు.

రెండు దారులున్నాయని చెప్పాడు. బొమ్మ సరిచేస్తే ఈ మాటలన్నీ తీసెయ్యాలి. చేప కబురూ ఉండదు, ముందూ తరవాతా చూపించే భాగమూ ఉండదు. ఆ షాటు గురించి డిస్కులో ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. కొత్తగా చూసేవాళ్ళకు అక్కడ పొరపాటు ఉండేదనే తెలియదు. లేదంటే బొమ్మను ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు ఉంచాలి, ఈ మాటలూ ఉన్నవున్నట్టు ఉంచాలి. ముట్టుకోవద్దని అభిమానుల నుంచి ఇప్పటికే రెండు వందల ఉత్తరాలు వచ్చాయి కాబట్టి, అదీ తను కంపెనీని ఒప్పించగలడు.

"మీకేది కావాలంటే అది," అన్నాడు.

ఆ షాటు లోకంలో లేకుండా పోవాలని అత్త కోరుకోవడం నేను నా చెవులతో విన్నాను. డిస్కులమ్మే దుకాణాలకు నిప్పు పెట్టాలని కూడా ఒకసారి అంది. మొదటి దారే ఎంచుకుంటుందని నేననుకున్నాను. కొగురే కూడా అనుకున్నాడు. "అదే మంచిది అక్కా," అన్నాడు మెత్తగా. "అందరికీ మంచిది. సరిచేసేద్దాం."

"ఏం సరిచేస్తావు?" అంది అత్త. "నేను వేసింది సరిగ్గానే ఉంది."

"అక్కా, అందరికీ కనపడుతుంటే..."

"సరిచేస్తే నాది తప్పన్నట్టు. ఉంచండి." సెగావాతోనే చెప్పింది, కొగురే వైపు చూడలేదు. "నవ్వేవాళ్ళు ఎలాగూ నవ్వుతారు. ఈసారి ఎవర్ని చూసి నవ్వాలో తెలుసుకుని నవ్వనీ."

కొగురే గొంతు మారింది. తన పేరు ఏమైపోతుందని అడిగాడు. నలభై ఏళ్ళ పేరు, ఒక పెన్సిలు గీతకు, ఇరవై మూడేళ్ళప్పటి తెలివితక్కువతనానికి బలి కావాలా అన్నాడు. అలాగైతే డిస్కు మీద తన పేరు తీసెయ్యమన్నాడు.

"పెన్సిలు గీతకు కాదు," అంది అత్త. "అది ఆ రోజే ఒప్పుకుని ఉంటే నేనే మరిచిపోయేదాన్ని. ముప్ఫై తొమ్మిది భాగాల్లోనూ నీ పేరుంది. నాది ఒక్కదాంట్లోనూ లేదు. ఒకే ఒక్కసారి నా ఊసెత్తావు, వీపున పిల్లనీ చేతిలో చేపనీ పెట్టి."

సెగావా లేచాడు. పొద్దున సంతకం చేసిన కాగితం ప్రకారం ఈరోజు రికార్డు చేసింది కంపెనీదేననీ, పేరు తీసెయ్యడం కుదరదనీ, బొమ్మ ముట్టుకోవడం లేదనీ ముగ్గురికీ వినపడేలా చెప్పాడు. చెప్పి, కొగురేకు నడుం వంచి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. కొగురే గొడుగు తీసుకున్నాడు.

లిఫ్టు దగ్గర మళ్ళీ ఎదురయ్యాం. మేం ముందు ఎక్కాం. అతను ఎక్కలేదు. తలుపు ముందు నిలబడి, మెడలోని సిల్కు గుడ్డ నేలకు వేలాడేంతగా వంగాడు. దర్శకులు అంతలా వంగడం నేను చూడలేదు.

"ఇప్పటికైనా కోపం తగ్గిందా, అక్కా?" అన్నాడు అలా వంగే ఉండి.

"లేదు," అంది అత్త, తలుపులు మూసే బొత్తాం నొక్కుతూ.